అడ్మిషన్ ఫైల్లో రెండో కాగితం

మా శ్రీకాకుళం జిల్లాలో పాతవాళ్ళెవరూ రంగూన్ అనరు, రంగం అంటారు. ఫలానావాడు రంగం పోయాడంటే ఓడెక్కి కూలికి వెళ్ళాడని అర్థం. తిరిగొచ్చినవాళ్ళు తక్కువ. వచ్చినవాళ్ళు కూడా ఆ ఊరి గురించి పెద్దగా చెప్పేవారు కాదు. నేను రంగం చూసి వచ్చానంటే ఇప్పటికీ మా వైపు ముసలివాళ్ళు, నీ తాతలెవరైనా అక్కడ ఉన్నారా అని అడుగుతారు. ఎవరూ లేరు. నేను వెళ్ళింది ఒక అమెరికా విశ్వవిద్యాలయం పని మీద.

డెబ్బైల మొదట్లో నేను అమెరికా నడిమధ్యన, గోధుమ చేల నడుమ ఉన్న ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో రెండేళ్ళు మృత్తికా శాస్త్రం చదివాను. అక్కడి విద్యార్థి సంఘ భవనంలో మెట్ల పక్క గోడ పొడుగునా సంఘానికి అధ్యక్షులుగా పనిచేసినవాళ్ళ ఫోటోలు ఉండేవి. అన్నీ తెల్లని ముఖాలు, ఒకే రకంగా దువ్విన జుట్లు. యాభైల వరసలో మాత్రం ఒక నల్లని మనిషి ఉన్నాడు. కింద ‘సిమ్ హాడ్రీ, రంగూన్, బర్మా’ అని ఉంది. రోజూ ఆ మెట్లెక్కేదాన్ని. మూడు నెలలు గడిచాక ఒకరోజు ఎక్కుతూ ఎక్కుతూ ఆగిపోయాను. అది సిమ్ హాడ్రీ కాదు, సింహాద్రి. విశాఖపట్నం నుంచి ఇచ్ఛాపురం దాకా వీధికొకడు ఉండే సింహాద్రి.

సంఘం రికార్డుల్లో ఉన్న ఆయన పాత చిరునామాకి అప్పట్లోనే ఒక ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

పదిహేనేళ్ళు పోయాక ఆ విశ్వవిద్యాలయం ఉత్సవాలు చేసుకుంటూ తన ఘనులైన పూర్వ విద్యార్థుల మీద ఒక పుస్తకం వేయాలనుకుంది. పూర్వ విద్యార్థుల కార్యాలయంలో పనిచేసే మార్గరెట్ నాతో కలిసి చదువుకున్న మనిషి. ఇద్దరు గవర్నర్లు, ఒక సైన్యాధికారి, ఒక బ్యాంకు అధిపతి, తుప్పు తెగులుకు లొంగని గోధుమ వంగడం తీసిన ఒకావిడ, అందరి వివరాలూ వచ్చాయని, ‘సిమ్’ ఒక్కడే దొరకలేదని, నువ్వున్న విశాఖకి రంగూన్ దగ్గరే కదా అని రాసింది. అమెరికా నుంచి చూస్తే అన్నీ దగ్గరే. ఆ ఏడు, అంటే ఎనభై ఎనిమిదిలో, కలకత్తాలో ఒక సదస్సుకి పిలుపు వచ్చింది. అక్కడి నుంచి రంగూన్‌కి విమానం ఉంది. ఏడు రోజులకి వీసా ఇచ్చారు. అంతకన్నా ఎవరికీ ఇచ్చేవారు కాదు.

మింగళాడోన్

మింగళాడోన్ విమానాశ్రయంలో వాన కురుస్తోంది. మా విమానం తప్ప ఇంకో విమానం లేదు. కస్టమ్స్ ఆయన నా పెట్టె తెరిచి చీరలు మెల్లగా ఎత్తి చూశాడు. నా కెమెరా, గడియారం, చెవి దుద్దులు కూడా కాగితం మీద రాసుకున్నాడు. తిరిగి వెళ్ళేటప్పుడు అవన్నీ చూపించాలి.

కలకత్తాలో ఎవరో చెప్పగా ఒక విస్కీ సీసా, ఒక పెట్టె సిగరెట్లు కొని తెచ్చుకున్నాను. ఆడమనిషిని, అందులోనూ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని, ఆ సీసా సంచిలో పెట్టుకుని నడవడానికి నాకు ముఖం చెల్లలేదు. బయట ట్యాక్సీ ఆయన మింగళాబా అని నమస్కారం చేసి, రెండో మాటగా విస్కీ ఉందా అని అడిగాడు. ఆ రెంటికీ ఆయనిచ్చిన చాట్లతోనే, అంటే బర్మా డబ్బుతోనే, నేను వారమంతా తిన్నాను, తిరిగాను. నోట్లు నలభై ఐదువి, తొంభైవి. కిందటేడు ప్రభుత్వం ఉన్నట్టుండి పెద్ద నోట్లు రద్దు చేసి ఈ లెక్కలో కొత్తవి వేసిందట. కూరగాయల బండి దగ్గర కూడా జనం తొమ్మిదో ఎక్కం చదువుతున్నట్టు పెదవులు కదుపుతారు.

దారిలో కంటోన్మెంటు గోడ చాలా దూరం వచ్చింది. కూడళ్ళలో లారీలు, వాటిలో సైనికులు. మార్చిలో విద్యార్థుల మీద కాల్పులు జరిగాయని, కాలేజీలు మూసి, తెరిచి, మళ్ళీ మూశారని కలకత్తా పత్రికల్లో నాలుగు ముక్కలు చదివాను. ఏం జరుగుతోందని ట్యాక్సీ ఆయనను అడిగాను. వాన, అన్నాడు. సాయంత్రం ఆరు తరువాత హోటల్లోంచి బయటికి రావద్దని చెప్పి దించేశాడు.

లమ్మడా

మార్గరెట్ పంపిన చిరునామా లమ్మడా అనే పేటలోది. నది ఒడ్డునుంచి నిచ్చెన మెట్లలా వీధులు, ప్రతి వీధికీ రెండు వైపులా నాచు పట్టిన నాలుగంతస్తుల ఇళ్ళు. ప్రతి వరండా నుంచీ కిందికి ఒక తాడు వేలాడుతూ ఉంటుంది, చివర ఒక గంటో సంచో కట్టి. కింది మనిషి తాడు లాగితే పైన మోగుతుంది. పాలు, పేపరు, ఉత్తరాలు అలాగే పైకి పోతాయి. మన అపార్ట్‌మెంట్లలో ఎందుకు తోచలేదో ఎవరికీ.

ఆ ఇంట్లో ఇప్పుడు ఉల్లిపాయల టోకు వ్యాపారం చేసే ఒక చీనా కుటుంబం ఉంది. సింహాద్రి పేరు వినగానే ఇంటాయన నవ్వి తల ఊపి తలుపు వేశాడు. పక్కింట్లోనూ అంతే. మర్యాదగా తలుపు వేయడంలో వాళ్ళను మించినవాళ్ళను నేను చూడలేదు. టీకొట్టుకి వెళ్ళి జానెడెత్తు పీట మీద కూర్చున్నాను. చుట్టూ లుంగీలు కట్టుకున్న మగవాళ్ళు. టీ కావాలంటే పెదవులు బిగించి ముద్దు పెట్టినట్టు చప్పుడు చేసి పిలుస్తారు. మన దగ్గర అలా పిలిస్తే చెంప పగులుతుంది. నేను చెయ్యెత్తి కూర్చున్నాను. చాలాసేపు ఎవరూ రాలేదు.

వీధి చివర మొహింగా అమ్మే ఒకావిడ నన్ను చూస్తూనే ఉంది. యాభై ఏళ్ళుంటాయి, బుగ్గలకి తనకా గంధం, జుట్టు ముడి, బర్మా రవిక. దగ్గరికి వెళితే గిన్నె అందించింది. కుడిచేత్తో ఇస్తూ ఎడమచేత్తో కుడి మోచెయ్యి పట్టుకుంది, అది ఇక్కడి మర్యాద. చిక్కటి చేపల పులుసులో బియ్యపు సేమ్యాలు, అరటిదూట ముక్కలు, పైన శనగపప్పు వడ చిదిమి వేస్తారు. తింటూ ఉండగా ఆవిడ తెలుగులో అడిగింది.

“ఎవుల కోసం తిరుగుతున్నావమ్మా?”

నా చేతిలో గిన్నె ఒలికి చీర మీద పడింది. ఆవిడ పేరు ఎల్లమ్మ. వీధిలో అందరూ డా ఎల్లా అంటారు, డా అంటే మన ‘గారు’ లాంటిది. నాన్న గంజాం నుంచి వచ్చి రేవులో మూటలు మోశాడు, భర్త బర్మావాడు. సింహాద్రి గారి కోసం వచ్చానని చెప్పాను. ఎరగనంది. నాది ఏ ఊరు, ఏ వీధి, ఇంట్లో ఎవరెవరు అని అడిగింది గాని, ఎరగనన్న మాట మార్చలేదు.

మర్నాడు పొద్దున్న మళ్ళీ అక్కడికే వెళ్ళాను. నాకు తెలిసిన తెలుగు మనిషి ఆ ఊళ్ళో ఆవిడొక్కతే. ఆవిడ పులుసు కలుపుతున్న కొయ్య గరిటె పైకెత్తి చూపించి, మీకాడ దీన్ని ఏటంటారని అడిగింది.

తెడ్డు అన్నాను.

మా అమ్మా అదే అనేదంది. పులుసు మళ్ళీ కలుపుతూ, పోలీసోళ్ళు పంపిన మనిషికి తెడ్డు తెలవదు అని తనలో తాను అనుకున్నట్టు అంది. తరువాత చెప్పింది.

“మా అన్న వరస. తన్లిన్ రేవు దిగి, బియ్యం మిల్లు కాడ సయా ఇల్లని అడుగు. పేరు సెప్పకు.”

సయా అంటే మాస్టారు.

పొరపాటున డలా

నది దాటించే పడవలకి రెండు మూడు రేవులున్నాయి. నేను జనం ఎక్కువగా ఎక్కుతున్న పడవ ఎక్కాను. బాతుల గంపలు, సైకిళ్ళు, గొడుగులు పట్టుకున్న ఇద్దరు భిక్షువులు. పావుగంటలో అవతలి ఒడ్డు వచ్చింది. అదే తన్లిన్ అనుకుని దిగి, బియ్యం మిల్లు కోసం బురదలో గంట నడిచాను. అక్కడ ఎవరికీ ఏ సయా తెలియదు. సబ్బులు అమ్ముకునే ఒక ముసలావిడ నా చేతి మీద వేలితో గీసి చూపించింది, నేనున్నది డలా, తన్లిన్ తూర్పున ఇంకో నది అవతల అని. ఆవిడే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తిరుగు పడవ ఎక్కించింది. నా చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది. పడవలో ఎవరూ నవ్వలేదు, ఒకాయన రెండో చెప్పు కూడా విప్పేయమని సైగ చేశాడు. ఆ రోజు అలా పోయింది. ఏడింటిలో మూడు.

తన్లిన్

నాలుగో రోజు సరైన పడవే ఎక్కాను. ముప్పావుగంట ప్రయాణం. నదిలో కొత్త వంతెనకి సగం లేచిన స్తంభాలు కనిపించాయి. ఒడ్డున చమురు శుద్ధి కర్మాగారం గొట్టాలు, వాటి వెనక పగోడా. మా వైపు కూలీలు ఒకప్పుడు ఆ కర్మాగారానికే వచ్చేవారు. ఊరిని అప్పుడు సిరియం అనేవారు.

సయా ఇల్లు వెదురు తడికలది, నేలకి నాలుగడుగులు ఎత్తున కట్టింది. కింద ఒక పంపు విప్పి పరిచి ఉంది. పైన వసారాలో పదిమంది పిల్లలు లెక్కలు చేస్తున్నారు. మెట్ల దగ్గర అరవై ఏళ్ళ మనిషి, చేతులకి గ్రీజు, నేను ఫోటోలో చూసిన నుదురు. నేను తెలుగులో నా ఊరు, నేను చదివిన చోటు చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుని, ముందు పిల్లల్ని ఇళ్ళకి పంపేశాడు. తరువాత ఇంగ్లీషులో మాట్లాడాడు. నేను నివ్వెరపోయాను. గోధుమ చేల రైతులు మాట్లాడే యాస, సాగదీసిన అచ్చులతో సహా అలాగే ఉంది. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంగ్లీషు మాట్లాడే మనిషి దొరక్క అది అరగకుండా మిగిలిపోయింది. ఆయన తెలుగు మాత్రం ఇల్లు దాటి బయటికి రాని తెలుగు.

ఆయన తండ్రి ఇచ్ఛాపురం దగ్గర నుంచి వచ్చి కర్మాగారంలో పనిచేశాడు. ఈయన అక్కడే పుట్టాడు, చదువులో ముందుండేవాడు. బర్మా స్వతంత్రమయ్యాక కొత్త ప్రభుత్వం తన సొంత ఖర్చుతో కొందరిని విదేశాలకి పంపింది. వాళ్ళలో ఈయనొకడు, నీటిపారుదల చదవడానికి. చిన్నప్పుడే పెళ్ళయింది. భార్య బర్మా అమ్మాయి, కొడుకు పసివాడు. ఇద్దరినీ వదిలి వెళ్ళాడు.

అధ్యక్షుడెలా అయ్యారని అడిగాను. ఆయన మొదటిసారి నవ్వాడు. రెండో ఏడు వసంతంలో అక్కడి నదికి వరద వచ్చింది. విద్యార్థులంతా కట్ట మీద ఇసక బస్తాలు వేస్తున్నారు, నీళ్ళు పైనుంచి పొర్లుతాయని. ఈయన కట్ట దిగి అవతల పొడి చేలో చూస్తే బుడగలతో ఊట లేస్తోంది. డెల్టాలో పెరిగినవాళ్ళకి అది తెలుసు, కట్ట కింద నుంచి తెగుతుంది. ఊటని మూయకూడదు, చుట్టూ బస్తాలతో గోడ కట్టి నీటిమట్టం ఎత్తితే అదే నెమ్మదిస్తుంది. చెబితే ఎవరూ వినలేదు. గదిలో తనతో ఉండే కుర్రాడు ఒక్కడు దిగి వచ్చాడు, తరువాత ఇరవై మంది, తరువాత రెండొందల మంది. మూడు రోజులు కట్ట నిలబడింది. ఆ ఏడు ఎన్నికల్లో ఈయన వద్దంటున్నా గదిలో కుర్రాడే పేరు ఇచ్చాడు.

ఆ కుర్రాడు తరువాత ఆ రాష్ట్రానికి గవర్నరయ్యాడు. మార్గరెట్ పంపిన పుస్తకం చిత్తుప్రతి నా సంచిలో ఉంది. గవర్నరు గారి పేజీలో ఆ వరద కథ ఉంది, విద్యార్థిగా ఆయనే ముందుండి కట్టను కాపాడినట్టు. చదివి వినిపించాను. సింహాద్రి గారు అడ్డు చెప్పకుండా విన్నాడు. వాడు బస్తాలు బాగా మోశాడమ్మా, అన్నాడు. అంతే.

తిరిగొచ్చి పదేళ్ళు కాలవల శాఖలో పెద్ద ఇంజనీరుగా చేశాడు. సైన్యం పాలన వచ్చాక భారతీయ మూలాలున్నవాళ్ళని కొలువుల్లోంచి తీసేసిన రోజుల్లో ఈయనా పోయాడు. లక్షల మంది ఓడలెక్కి ఇండియా వెళ్ళారు. ఈయన వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని అడిగితే, నాకక్కడ ఏటుంది అన్నాడు.

అప్పుడు ఆయన మనవరాలు తీడా పళ్ళెం తెచ్చి పెట్టింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. అన్నం, చింతచిగురు పులుసు, నప్పితో నూరిన పచ్చడి. నప్పి అంటే పులియబెట్టిన చేపల ముద్ద. వాసనకి భయపడ్డాను గాని రెండో ముద్దకి అలవాటైంది. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే మాత్రం సగం బర్మీస్, కొంత ఇంగ్లీషు కలుస్తాయి. తండ్రి దూరంగా మౌల్మీన్‌లో పనిచేస్తాడు, తల్లి లేదు. ఈ పిల్ల చిన్నప్పటి నుంచి తాత దగ్గరే.

మార్గరెట్ పంపిన ఫారం తీశాను. ప్రస్తుత పదవి, జీవితంలో సాధించిన ముఖ్య విజయం, యువతకి సందేశం. సింహాద్రి గారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి తిరిగిచ్చేశాడు. విదేశీ పుస్తకంలో పేరు పడితే ఇక్కడ ఎవరో వచ్చి ఎందుకు పడిందని అడుగుతారు. ఇప్పుడున్న రోజుల్లో ఆ ప్రశ్న ఇంటికి రాకుండా ఉండటమే మంచిదన్నాడు. తరువాత తను అడగవలసింది అడిగాడు.

“నా అడ్మిషన్ ఫైలుంటాది కదా అక్కడ. అందులో రెండో కాగితం నాకు కావాలమ్మా.”

ఆ కాగితం బర్మా ప్రభుత్వం విశ్వవిద్యాలయానికి రాసిన ఉత్తరం. ఫలానా సింహాద్రి సిరియంలో పుట్టిన బర్మా పౌరుడు, అతని చదువు ఖర్చు ప్రభుత్వానిది అని అందులో ఉంది. తన దగ్గరున్న నకలు ఇల్లు కాలినప్పుడు పోయింది. ఆఫీసు నకలు ఎక్కడుందో ఎవరూ చెప్పరు. ఎనభై రెండులో కొత్త పౌరసత్వ చట్టం వచ్చింది. తాతల నుంచి ఈ దేశస్థులమని కాగితం చూపలేనివాళ్ళ పిల్లలకి డాక్టరు చదువు, ఇంజనీరు చదువు లేవు. తీడాకి ఇంజనీరింగుకి చాలినన్ని మార్కులొచ్చాయి. భూగోళంలో సీటిచ్చారు. ఆ ఫైలు కోసం ఆయన విశ్వవిద్యాలయానికి రెండుసార్లు రాశాడు. ఉత్తరాలు దేశం దాటాయో లేదో తెలియదు.

నాకు వేరే ఆలోచన తోచింది. ఘనుల కుటుంబాల పిల్లలకి అక్కడ సీటు, ఖర్చులు ఇచ్చే పద్ధతి ఉందని మార్గరెట్ రాసింది. తీడా అక్కడికే వెళ్ళి ఇంజనీరింగు చదవవచ్చు కదా అన్నాను. తాత కళ్ళజోడు తీసి మనవరాలి వైపు తిరిగాడు. ఆయన ముఖంలో ఆశ నాకు కనిపించింది. ఆ పిల్ల పళ్ళెం తీస్తూ ఆగింది.

“ఆంటీ, నాకు అమెరికా సీటు వద్దు. ఇక్కడ సీటు కావాలి. మార్చిలో నా ఫ్రెండ్స్ ఇద్దరు ఇంటికి రాలేదు. నేను పోను.”

ఆ మాట గొంతు పెంచకుండా అంది. తాత ఆ మాట ముందే విన్నవాడిలా పంపు దగ్గరికి దిగిపోయాడు.

మళ్ళీ లమ్మడా

మిగిలిన రెండు రోజులు ఊరు చూశాను. బంగారు పగోడా చుట్టూ వానలో చెప్పుల్లేకుండా తిరిగాను, నాకు ఉన్నవీ లేవు గనక ఇబ్బంది లేదు. లఫెట్ తిన్నాను, పులియబెట్టిన టీ ఆకుని వేరుశనగలు, నువ్వులు, వేయించిన వెల్లుల్లితో కలిపి పెడతారు. ఆడవాళ్ళే దుకాణాలు నడుపుతారు, డబ్బు వాళ్ళ చేతిలోనే ఉంటుంది, పెళ్ళయినా పేరు మార్చుకోరు, అసలు ఇంటిపేర్లే లేవు. మా పక్క ఆడవాళ్ళకి ఈ ఒక్క సంగతి చెబితే రంగం ప్రయాణం కట్టేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం పెద్ద వీధిలో దుకాణాలు ఒక్కసారిగా మూసేశారు. విద్యార్థుల ఊరేగింపు వస్తోందన్నారు. నేను ఎల్లమ్మ పొయ్యి వెనక నిలబడ్డాను. ఊరేగింపు కనపడలేదు, దూరం నుంచి అరుపులు, తరువాత లారీల చప్పుడు, తరువాత ఏమీ లేదు. అరగంటలో తలుపులు మళ్ళీ తెరిచారు. ఎల్లమ్మ పులుసు మూత తీసి ఉప్పు చూసుకుంది. తీడా ఆ గుంపుల్లోకి వెళుతుందా అని అడిగాను. వెళతాదని తెలుసు, ఆపలేమని తెలుసు అంది.

ఆఖరి రోజు ఆవిడ చేతికి నా చిరునామా ఇచ్చాను. విశాఖ రేవు నుంచి వచ్చే సరుకు ఓడల్లో మా వైపు వంటవాళ్ళు ఉంటారని, ఏదైనా పంపాలంటే వాళ్ళతో తన కొట్టుకి పంపమని చెప్పింది. విమానాశ్రయంలో కస్టమ్స్ ఆయన కెమెరా, గడియారం, దుద్దులు సరిచూసుకుని, చెప్పులేవని అడిగాడు. డలా అన్నాను. ఆయన కూడా నవ్వలేదు.

తిరిగొచ్చాక

మార్గరెట్‌కి అంతా రాశాను. విద్యార్థి సంతకం లేకుండా ఫైలు ఇవ్వడానికి నియమాలు ఒప్పుకోవని రిజిస్ట్రారు చెప్పాడట. మార్గరెట్ తెలివైనది. మాజీ గవర్నరు గారికి ఫోను చేసి, మీ గదిలో ఉండే సిమ్ బతికే ఉన్నాడని చెప్పింది. ఆయన అప్పుడే రిజిస్ట్రారుకి ఫోను చేశాడట. వారం తిరక్కుండా రెండో కాగితం నకలు, విశ్వవిద్యాలయం ముద్రతో, నా పేర టపాలో పడింది. దానితో పాటు గవర్నరు గారు తన పేజీలోని వరద కథ దిద్దమని పంపిన చీటీ నకలు కూడా ఉంది. కట్ట దిగి చూసింది నేను కాదు, సిమ్, అని రాశాడు.

సింహాద్రి గారు తన పేరు పుస్తకంలో వేయవద్దన్నాడు గనక ఆ దిద్దుబాటు అచ్చులోకి రాలేదు. కట్టను విద్యార్థులు కాపాడారు అని మాత్రం వేశారు.

కాగితం నాకు చేరేసరికి ఆగస్టు. రంగూన్ వీధుల నిండా జనం ఉన్నారని, కాల్పులని, రేడియోలో విన్నాను. టపా ఆగింది, విమానాలు ఆగాయి. సెప్టెంబరులో సైన్యం మళ్ళీ పూర్తిగా చేతిలోకి తీసుకుంది. ఆ తరువాత ఆ దేశం నుంచి ఏ కబురూ లేదు. చలికాలంలో విశాఖ రేవులో ఒక ఓడ వంటవాడు దొరికాడు, భీమిలి మనిషి. కాగితం నూనెగుడ్డలో చుట్టి ఇచ్చాను. లమ్మడాలో మొహింగా కొట్టు, ఎల్లమ్మ, అని మూడుసార్లు చెప్పించుకున్నాడు.

వంటవాడు తెచ్చిన ఉత్తరం

జవాబు మరుసటి ఏడు వచ్చింది. సింహాద్రి గారు తెలుగులోనే రాశాడు, పలికినట్టే రాశాడు, వత్తులు లేకుండా. ఎనిమిది పేజీలు. సారాంశం చెబుతాను.

కాగితం చేరిన వారానికే తీడాని పట్టుకున్నారు. తన్లిన్‌లో కరపత్రాలు పంచిందని. ఆయన ఠాణాకి వెళ్ళాడు. అధికారి చిన్న వయసువాడు, చెడ్డవాడు కాదు, ఒకప్పుడు ఈయన దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లల్లో ఒకడికి అన్న. రికార్డులో ఈ పిల్లకి పౌరసత్వం సరిగా లేదని ఆ అధికారి చూపించాడు. విదేశీయురాలైతే కేసు పెట్టడం కన్నా దేశం దాటించడం తేలిక. రేవులో ఇండియా ఓడ ఉంది. పౌరురాలైతే మాత్రం చట్టం ప్రకారం శిక్ష తప్పదు.

కాగితం సింహాద్రి గారి జేబులో ఉంది. అధికారి అది చూశాడు, చూడనట్టు ఊరుకున్నాడు. సింహాద్రి గారు ఒక్క అయిదు నిమిషాలు పిల్లతో మాట్లాడనివ్వమన్నాడు.

ఆయన తీడాకి అన్నీ చెప్పాడు. విశాఖలో నేనున్నానని, నా ఇంట్లో ఉండవచ్చని, అక్కడి నుంచి అమెరికా చదువు కూడా దూరం కాదని. కాగితం ఇక్కడే చింపేస్తానన్నాడు. ఆ పిల్ల చదివి వినిపించమంది. ఆయన ఇంగ్లీషులో ఉన్నది చదివి, తెలుగులో చెప్పాడు. సిరియంలో పుట్టిన బర్మా పౌరుడు. ఆమె మళ్ళీ ఒకసారి చదవమంది. తరువాత అంది.

“అయితే ఇచ్చీ తాతా.”

ఇచ్చాడు. మూడేళ్ళు వేశారు.

ఇది రెండుసార్లు చదివాను. ఆ నూనెగుడ్డ మూట రేవులో వంటవాడి చేతిలో పెట్టింది నేను. పెట్టకపోతే ఆ పిల్ల ఓడ దిగి మా ఇంటికి వచ్చేది. పెరటి గది ఖాళీగానే ఉంది. ఈ మాట సింహాద్రి గారికి రాశాను కూడా. అది చేరిందో లేదో తెలియదు. ఆయన మాత్రం తన ఉత్తరంలో నన్ను ఎక్కడా తప్పు పట్టలేదు, మెచ్చుకోనూ లేదు. కాగితం తెచ్చినందుకు మంచిదమ్మా అని ఒక్క ముక్క రాశాడు.

ఆ తరువాత నాలుగుసార్లు వీసా అడిగాను. ఇవ్వలేదు.

ఉత్తరం చివరి పేజీలో జైలు సంగతి ఉంది. నెలకొకసారి అన్నం మూట ఇవ్వనిస్తారట. మొదటిసారి వెళ్ళినప్పుడు గేటు దగ్గర గుమాస్తా పెద్ద పుస్తకం ముందుకి తోశాడు. ఖైదీ పేరు, ఊరు, జాతీయత, వచ్చినవాళ్ళే నింపాలి. ఆయన పేరు రాశాడు. ఊరు రాశాడు. మూడో గడి దగ్గర కలం ఆపి, గుమాస్తా ముఖం చూశాడు. తరువాత బర్మా అని రాశాడు. గుమాస్తా చదివాడు, ముద్ర వేశాడు, అన్నం మూట లోపలికి తీసుకున్నాడు.